తోటకూర మడికి లస్కరు

మతిమరుపు జబ్బుకి మందు కనిపెట్టింది నేనే. నవ్వేవాళ్లు నవ్వుకోండి. బెజవాడలో భానుమూర్తి గారని పెద్ద డాక్టరు ఉండేవాడు, గోడ నిండా డిగ్రీలు పటాలు కట్టించి పెట్టుకున్నాయన. ఆయన కుర్చీలోంచి లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని, "శౌరయ్య గారూ, ఈ వైద్యం మా పుస్తకాల్లో లేదండీ" అన్నాడు. నేను చదివింది ఊరిబళ్లో ఐదో తరగతి దాకా. నాకు ఆరో తరగతి చెప్పే ధైర్యం మా పంతులుకి లేకపోయింది.

ఇది డెబ్బై నాలుగో సంవత్సరం సార్వా వరిపంట నాటి మాట. వేసవిలో కాలవలు కట్టేసిన దగ్గర్నుంచి ఊళ్లో ఊడ్పులు అయ్యేదాకా, మహా అయితే నాలుగు నెలలు.

మా ఊరు ఉయ్యూరుకి నాలుగు మైళ్లు. మా అన్నయ్య అంతోని కాలవ మీద లస్కరు. అంటే తూము తలుపులు ఎత్తేవాడు, దించేవాడు, గేజి రాయి మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి పుస్తకంలో రాసేవాడు. ముప్పై రెండేళ్లు ఆ పని చేశాడు. ఆయన డ్యూటీలో ఉండగా నీళ్లు ఆయన్ని అడిగి వచ్చేవి, చెప్పి వెళ్లేవి. ఒక ఏడాది వరదలప్పుడు ఆయన గట్టు మీద నిలబడి గట్టిగా దగ్గితే కాలవ రెండంగుళాలు తగ్గింది. నేను కళ్లారా చూశాను. గేజి పుస్తకంలో కూడా ఉండాలి, చెదలు తినకపోతే.

రిటైరై అప్పటికి ఏడాది. అరవై ఇంకా నిండలేదు. ఆ వేసవిలో చెప్పిందే చెప్పడం మొదలుపెట్టాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుని, ఇవాళ అన్నం పెట్టరా అనేవాడు. చెప్పులు తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టాడొకసారి. ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద ఆగిపోయి, మన ఇంటికి ఇటా అటా అని అడిగాడు. పొద్దున్నే చర్చి గంట మోగితే చాలు, డిపార్టుమెంటు వాళ్లు వెనక్కి తీసుకోవడం మర్చిపోయిన, తలుపు ఎత్తే పాత ఇనుప హేండిలు భుజాన వేసుకుని తూము దగ్గరికి పోయేవాడు. కాలవలో గొర్రెలు మేస్తున్నాయి. ఆయన మాత్రం తలుపు ఎత్తి, గేజి చూసి, సాయంత్రం గంటకి మళ్లీ దించి వచ్చేవాడు.

మేం నవ్వాం. నవ్వినవాళ్లలో ముందు వరస నాది. టీ కొట్టు దగ్గర నలుగురూ ఉండగా, "అన్నయ్యా, నా పేరేంటో చెప్పు" అనేవాణ్ణి. "శౌరిగాడివి" అనేవాడు. "మరి మా ఆవిడ పేరో?" అనేవాణ్ణి. అక్కడ ఆగిపోయేవాడు. అందరూ నవ్వేవాళ్లు, ఆయనా నవ్వేవాడు. కళ్లు మాత్రం పారేసుకున్న వస్తువు కోసం నేల మీద వెతుక్కునేవి. అది చూసి కూడా మర్నాడు మళ్లీ అడిగేవాణ్ణి. నలుగురు నవ్వుతున్నారంటే నాకు ఒళ్లు తెలియదు.

నవ్వు ముందు మానేసింది మా వదిన అమలమ్మ. ఒక మధ్యాహ్నం అన్నయ్య గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఈ ఇంట్లో వాళ్లు ఎవరూ లేరాండి, కాసిని మంచినీళ్లు కావాలి" అని ఆవిణ్ణే అడిగాడు. వదిన మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు కడిగి, పరాయి ఇంట్లో పెట్టినట్టు జాగ్రత్తగా అరుగు మీద పెట్టాడు. వదిన తిన్నగా మా ఇంటికొచ్చింది. రెండిళ్లకీ ఒకటే దొడ్డి.

"శౌరయ్యా, రేపు మొదటి బస్సుకి బెజవాడ వెళ్తున్నాం. నువ్వు కూడా వస్తున్నావు. దారిలో ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగావంటే కంకిపాడులో దింపేస్తాను."

భానుమూర్తి గారు నెమ్మదైన మనిషి. అన్నయ్యకి మూడు మాటలు చెప్పాడు. గొడుగు, నిమ్మకాయ, తలుపు. గుర్తుంచుకోమన్నాడు. ఊరి కబుర్లేవో మాట్లాడి, ఐదు నిమిషాల తర్వాత ఆ మూడూ ఏమిటని అడిగాడు. అన్నయ్య చాలాసేపు ఆలోచించి తలుపు ఒక్కటే చెప్పాడు. చెప్పి, "ఎత్తమంటారా, దించమంటారా అండీ?" అని అడిగాడు.

ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

రక్తం తక్కువైనా, ఇంకేవో జబ్బులున్నా కూడా మతి ఇలా తప్పుతుందట. అందుకని డాక్టరు గారు అవన్నీ పరీక్ష చేయించి వారం తర్వాత రమ్మన్నాడు. వెళ్తే అవేవీ కావన్నాడు. మెదడు కొంచెం కొంచెంగా తగ్గిపోయే జబ్బు, ఎవరో జర్మనీ డాక్టరు పేరు పెట్టారు, మన దగ్గర చాదస్తం అని వదిలేస్తారు అన్నాడు. నిన్నటిది ముందు పోతుంది, పాతది చివరికి పోతుంది. పిచ్చి కాదు, ఎవరూ చేసింది కాదు, మీరు చేసిన తప్పూ కాదు అన్నాడు.

"మందు?" అంది వదిన.

"లేదమ్మా."

 మరి మేం ఏం చెయ్యాలో చెప్పండి అంది వదిన. అప్పుడు చెప్పాడాయన. గుర్తుందా అని పరీక్షలు పెట్టొద్దు. కాదు, తప్పు అని వాదించొద్దు. వస్తువులు పెట్టిన చోటే ఉంచండి, రోజూ ఒకే వేళకి ఒకే పని జరగనివ్వండి. చేతికి వచ్చిన పని చేయనివ్వండి, అందులో ప్రమాదం ఉంటే అది తీసెయ్యండి కానీ పని తీసెయ్యకండి. తప్పిపోతే తెలిసేలా బట్టల మీద పేరూ ఊరూ కుట్టండి. చివరగా, వేళకి మీరు తినండి, పడుకోండి అన్నాడు. "ఇది ఒక్క మనిషి మొయ్యగలిగింది కాదమ్మా" అంటూ నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూస్తున్నాను.

ఇంటికి రాగానే వదిన నూతి మీద చెక్క మూత వేయించింది. అన్నయ్య ఖాకీ చొక్కా కాలరు లోపల ఎర్ర దారంతో పేరు, ఊరు కుట్టింది. మధ్యాహ్నాలు మా ఆవిడ సంపూర్ణమ్మ అన్నయ్య దగ్గర కూర్చునేది, వదిన రెండు గంటలు పడుకునేది. నేను కూడా ఊరుకోలేదు. ఆ హేండిలు ఉంటేనే కదా తూము దగ్గరికి పోవడం అని, ఎవరికీ చెప్పకుండా దాన్ని తీసుకెళ్లి గడ్డివాములో దోపాను. తెలివైన పని చేశాననుకున్నాను.

రెండు రోజులు ఆయన ఇల్లంతా వెతికాడు. మూడో రోజు పొద్దున్నే మాయమయ్యాడు. సర్కారు వస్తువు తన చేతిలో పోయింది కాబట్టి, ఆ సంగతి బెజవాడ ఆఫీసులో చెప్పి శిక్ష వేయించుకోవాలని కాలవ గట్టు పట్టుకుని నడిచాడు. పదకొండు మైళ్లు నడిచాక ఎగువ లాకుల దగ్గర పనిచేసే ఆయన ఆపి, కాలరు తిప్పి చదివి, టీ తాగించి, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తెచ్చి దించాడు. అరికాళ్లు బొబ్బలెక్కిపోయాయి. వదిన పసుపు రాస్తూ, హేండిలు ఎక్కడుందని అడిగింది. చెప్పాను. తెచ్చి ఆయన చేతిలో పెట్టమంది. పెట్టాను. కాళ్లకి మందు రాస్తున్నది ఎవరో తెలియకపోయినా, హేండిలు చూడగానే ఆయన మొహం తేటపడింది.

జూన్ ఆఖర్లో కాలవలకి నీళ్లొదిలారు. కొత్త లస్కరు ఉయ్యూరు నుంచి సైకిలు మీద వచ్చేవాడు, ఎండెక్కాక. మా అన్నయ్య చర్చి గంటకే వెళ్లేవాడు.

బసవపున్నయ్య గారు మా ఊళ్లో మోతుబరి. ఎనిమిదెకరాలకి సరిపడా నారుమడి దున్ని, నీళ్లు తీసేసి, ముందు రోజు సాయంత్రం మొలక విత్తనం చల్లించాడు. చల్లిన మొలక బురదలో నిలదొక్కుకునేదాకా మడిలో నీళ్లు నిలవకూడదు, అది చిన్నపిల్లలకి కూడా తెలుసు. పొద్దున్నే అన్నయ్య వెళ్లి తూము తలుపు పూర్తిగా ఎత్తేశాడు. మనుషులు చూసేసరికి మొలకంతా తేలి మురుగు కాలవలోకి కొట్టుకుపోయింది. అన్నయ్య గట్టు మీద నిలబడి గేజి చూస్తున్నాడు.

వదిన ఇంట్లో లేదు, గడ్డి కోసుకురావడానికి వెళ్లింది. నేను అన్నయ్యని ఇంటికి తీసుకొచ్చాను. వెనకాలే బసవపున్నయ్య తాడు పట్టుకుని వచ్చాడు.  అన్నయ్యని వసారాలో స్తంభానికి ఆనించి నిలబెట్టి, చేతులు వెనక్కి విరిచి కట్టాడు. అన్నయ్య పెనుగులాడలేదు. చేతులు తనే అందించాడు. ముడి బిగుసుకుంటుండగా తల తిప్పి, "సూపర్వైజరు గారూ, గేజి తప్పు రాశానాండి?" అని అడిగాడు. బసవపున్నయ్య నేల చూశాడు. నేనేం చేస్తాను, నిలబడ్డాను.

వదిన వచ్చింది. గడ్డిమోపు దించి, ముడి విప్పింది. మణికట్ల మీద తాడు ఒరుసుకుపోయిన చోట వెన్న రాసింది. ఆ తాడు మా గేదెదే. చుట్టి నా చేతికిచ్చి, నా మొహం చూడకుండా, "గేదె ఎండలో తిరుగుతోంది, వెళ్లి కట్టెయ్" అంది. లోపలికెళ్లి అన్నయ్యకి అన్నం కలిపి తెచ్చింది.

సాయంత్రం రైతులంతా మా వాకిట్లో కూర్చున్నారు. ఇవాళ బసవపున్నయ్య మడి, రేపు మాది. ఊడ్పులు అయ్యేదాకా ఆయన్ని గదిలో పెట్టి తాళం వెయ్యండి, లేదా ఆఫీసులో కాయితం పెడతాం, పోలీసుల్ని పిలుస్తాం అన్నారు. వాళ్ల భయం వాళ్లది, తప్పు పట్టడానికి లేదు. ఆశ్చర్యంగా బసవపున్నయ్య మాత్రం నోరు విప్పలేదు.

వదిన గుమ్మంలో నిలబడి చెప్పింది. "గదిలో పెడితే ఆయన నెల బతకడు. ఊడ్పులయ్యేదాకా ఊరి తూము ఆయన చేత్తో కదలదు. కదిలిందంటే తాళం నేనే వేస్తాను, తాళంచెవి మీకే ఇస్తాను."

ఎలా ఆపుతావమ్మా అని ఎవరో అడిగారు. తెలియదు అంది.

బసవపున్నయ్య పొలానికి నీళ్లు పారే బోదె మా దొడ్డి వెనక నుంచే పోతుంది. రెండు రోజుల్లో దాని నుంచి మా దొడ్లోకి జానెడు వెడల్పు పిల్ల బోదె తవ్వాం. దాని మొగలో రెండు ఇటుకల మధ్య చెక్క పలక దించాం. పలకకి హేండిలు పట్టేలా వడ్రంగి చేత చిల్లు పెట్టించాం. వదిన ఒక వెదురు బద్ద మీద సున్నంతో గీతలు గీసి, గేజిలాగా పక్కన పాతింది. దాని కింద తోటకూర మడి. తూము తయారైంది. దాని మీద బసవపున్నయ్యకి అభ్యంతరం లేకపోవడం ఏమిటంటారా, ఆ సంగతి తర్వాత.

మర్నాడు గంట మోగింది. అన్నయ్య హేండిలు భుజాన వేసుకుని, కొత్త తూము వైపు చూడనైనా చూడకుండా వీధిలోకి నడిచాడు. వదిన అడ్డం వెళ్లి, ఇటు రండి, ఇదీ తూమే అంది. ఎవరమ్మా నువ్వు, డ్యూటీకి టైమవుతోంది అని పక్కకి జరిగాడు. నేను గేటు దగ్గర పళ్లు తోముకుంటున్నాను. నన్ను చూడగానే అటెన్షన్‌లో నిలబడి, "నమస్కారం సూపర్వైజరు గారూ" అన్నాడు.

వదిన నా వైపు చూసింది. నోట్లో వేపపుల్ల. పుట్టి బుద్ధెరిగి ఎన్ని అబద్ధాలు ఆడానో లెక్కలేదు, అన్నీ నాలుక చివర్న వరసలో నిలబడి ఉంటాయి ఎప్పుడూ. ఆ పూట ఒక్కటీ రాలేదు. పుల్ల ఉమ్మేసి, గొంతు సవరించుకున్నాక వచ్చింది.

"అంతోనీ, నీకు ట్రాన్స్‌ఫరైంది."

ఆయన మొహంలో రంగు మారింది. "ఎక్కడికండీ?"

"దగ్గరే. ఇదిగో, ఈ కొత్త తూముకి. నమ్మకమైన మనిషిని వెయ్యమన్నారు పైనించి."

ఆయన పలక వైపు చూశాడు, వెదురు గేజి వైపు చూశాడు. "ఆర్డరు ఉందాండి?"

ముప్పై రెండేళ్ల సర్కారు నౌకరీ. కాయితం లేకుండా లస్కరు తూము మారడని మాకెవరికీ తట్టలేదు. ఆర్డరు పది గంటలకి వస్తుంది, అందాకా ఇంటి దగ్గరే ఉండు అన్నాను. ఉన్నాడు. ఇంట్లో ఉన్న పాత నోటుపుస్తకంలోంచి కాయితం చింపి, నా ఐదో తరగతి దస్తూరీతో, లస్కరు అంతోని గారిని తోటకూర మడి తూముకి తక్షణం బదిలీ చేయడమైనది అని రాశాను. కింద సంతకం, అది ఇంగ్లీషులా ఉండాలని మెలికలు తిప్పాను. సీలుకి వదిన సిరా బుడ్డి మూత తడిపి అద్దింది. అన్నయ్య దాన్ని రెండు చేతులతో పుచ్చుకుని, సీలు మీద బొటనవేలు రుద్ది చూసి, మడిచి ఖాకీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పలక ఎత్తాడు.

ఆ రోజు నుంచి పొద్దున గంటకి నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని తనిఖీకి వెళ్లాలి. మడిలో నీళ్లు రెండంగుళాలుంటాయి. ఆయన వంగి బద్ద చూసి, "నాలుగడుగుల రెండంగుళాలు సార్" అంటాడు. నేను పుస్తకంలో రాసుకుని, బాగుంది అంతోనీ అంటాను. సాయంత్రం గంటకి పలక దించుతాడు. వర్షమొచ్చినా, నాకు జ్వరమొచ్చినా తనిఖీ తప్పదు. ఊరి తూముకి కొత్త లస్కరు గొలుసు కూడా వేశాడు కానీ దాని అవసరం పడలేదు. ఆ సార్వాలో మేం తిన్నంత తోటకూర కృష్ణా జిల్లాలో ఇంకెవరూ తిని ఉండరు. చివరికి మా గేదె కూడా తోటకూర కట్ట చూస్తే తాడు తెంపుకునేది.

ఒక్కసారి మాత్రం సూపర్వైజరు వేషం వదిలేశాను. జూలై చివర్లో, మబ్బు పట్టిన రోజు. వదిన దూరంగా ఉంది. "అన్నయ్యా, నేను శౌరయ్యని" అన్నాను.

ఆయన కంగారు పడ్డాడు. "శౌరిగాడికి ఏమైందండీ?"

"ఏం కాలేదు. బాగానే ఉన్నాడు."

"వాడు అల్లరి వెధవ సార్, కానీ మంచోడే. ఎక్కడైనా చిన్న పనుంటే చూడండి."

చూస్తానన్నాను. ఆ రోజు గేజి రాయడం మర్చిపోయాను. ఆయనే గుర్తు చేశాడు.

ఆగస్టు రెండో వారానికి ఊళ్లో ఊడ్పులు అయిపోయాయి. వాకిట్లో కూర్చున్న రైతుల్లో ఇద్దరు వచ్చి వదినతో ఏమీ అనకుండా ఒక గెల అరటికాయలు అరుగు మీద పెట్టి వెళ్లారు. ఆ నెలలోనే మళ్లీ బెజవాడ వెళ్లాం. మొదట్లో చెప్పాను చూశారా, డాక్టరు గారు లేచొచ్చి చెయ్యి పట్టుకున్నాడని. పట్టుకున్న మాట నిజమే కానీ ఆ చెయ్యి నాది కాదు, వదినది. వైద్యం మా పుస్తకాల్లో లేదని కూడా అనలేదు. "ఇది తగ్గదమ్మా, ఇంకా ముదురుతుంది. కానీ ఆయన కళ్లల్లో భయం లేదు. మా చేతనైనా అంతకంటే కాదు" అన్నాడు. నేను సంచీ పట్టుకుని గుమ్మం దగ్గరున్నాను.

ఆయన చెప్పినట్టే ముదిరింది. మరుసటేడుకి ఆర్డరు మడతల దగ్గర చిరిగితే మళ్లీ రాశాను. ఆ పై ఏడు హేండిలు ఎందుకో మర్చిపోయాడు, కానీ పట్టుకుని కూర్చునేవాడు. తర్వాత అన్నం మింగడం కూడా చెప్పాల్సి వచ్చింది. వదిన, సంపూర్ణమ్మ, నేను వంతులు వేసుకున్నాం. డెబ్బై ఎనిమిదిలో ఆయన మంచం మీద ఆయన పోయాడు. ఏ గదికీ ఎప్పుడూ తాళం వెయ్యలేదు.

ఇక ఇందులో నేను కల్పించింది ఒకటుంది. చెప్పకపోతే బసవపున్నయ్య గారి మనవరాలు ఇది చదివి నన్ను నిలదీస్తుంది, టీచరు ఉద్యోగం ఆ పిల్లది. దగ్గితే కాలవ తగ్గిన సంగతి కాదు, అది నిజం. బసవపున్నయ్య గారు ఆ పొద్దున మా ఇంటికి రానే లేదు. ఆ సాయంత్రం రైతులంతా వెళ్లిపోయాక వెనక ఆగి, "మొలక మళ్లీ చల్లుకుంటాలే అమ్మా, నా బోదెకి మీ దొడ్డి దగ్గర ఒక పలక పెట్టుకోండి, ఆయనకి పొద్దుపోతుంది" అని వదినతో అన్నది ఆయనే. తాడు మా గేదెది. ముడి నేను వేశాను. సూపర్వైజరు గారూ అని మా అన్నయ్య తల తిప్పి అడిగింది నన్నే. ఆ తర్వాత నాలుగేళ్లూ నన్ను ఇంకో పేరుతో పిలవలేదు.